పావగడలో పడవకు గాజు తొడుగు



పోయిన సమావేశంలో టీ తాగేటప్పుడు మనవాడొకడు అడిగాడు, "ఏం సార్, పడవ చేస్తున్నారంట గదా, ఈ పావగడలో యాడ తేలుస్తారు దాన్ని?" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రైలు కూత కోసం ఎదురు చూసీ చూసీ అలిసిన తాలూకాలో రిటైరైన రైల్వే గుమాస్తా కాపురం ఉండగా, నీళ్లు లేని తాలూకాలో పడవ ఉంటే వింతేముంది అన్నాను. మాట అక్కడికి సరిపోయింది. ఆ తరువాత ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి నిజంగానే అడిగారు. చెక్క పడవ మీద గాజు ఎట్లా వేస్తారు, పగిలిపోదా, ఎంతైంది, ఎన్నాళ్లు పట్టింది అని. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పేకంటే అందరికీ కలిపి రాస్తే మేలనిపించింది. పొడుగవుతుంది. తీరికగా చదవండి.

ముందే ఒక మాట. నేను ఎస్.ఎస్.ఎల్.సి. దాకా జోలార్‌పేటలో తమిళ మీడియంలో చదివినవాణ్ణి. ఇంట్లో తెలుగు, బళ్లో అరవం. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నది ఉద్యోగంలో చేరాక, గుంతకల్లు డివిజన్‌లో గూడ్స్ షెడ్డు కాగితాల మీద. ఇప్పుడు మా ఇంటామె పుట్టింటి పక్కన ఇల్లు కట్టుకున్నాక దానికి కన్నడం కూడా తోడైంది. కాబట్టి నా రాతలో మూడు వాసనలూ ఉంటాయి, సర్దుకోండి.

ఈ రకం పడవకు పుట్టిల్లు కెనడా. అక్కడ ఒంటారియోలో పీటర్‌బరో అనే ఊరి చుట్టుపక్కల 19వ శతాబ్దంలోనే సన్నటి సీడర్ బద్దలు పక్కపక్కన పేర్చి, లోపల వంపు ఎముకలు పెట్టి మేకులు కొట్టి పడవలు చేసేవాళ్లు. ఆ సీడర్ మన దేవదారు కాదు, అది వేరే కుటుంబం చెట్టు. పేరొకటే. తరువాత గాజుగుడ్డ, రెజిన్ వచ్చాక లోపలి ఎముకలు అక్కర్లేకుండా పోయాయి. 1983లో టెడ్ మూర్స్, మారిలిన్ మోర్ అనే ఇద్దరు ఈ పని మీద "కెనూక్రాఫ్ట్" అని పుస్తకం రాశారు. ఇంటి వెనక షెడ్డు ఉన్న ఎవరైనా చేసుకోవచ్చు అన్న ధైర్యం చాలామందికి దానివల్లనే వచ్చింది. మా అల్లుడు తెచ్చిచ్చాడు. నాకు ఇంగ్లీషు నిదానం. ఒక పేజీకి ఒక పూట లెక్కన చదివాను.

ఆ సీడర్ మనకు దొరకదు. దొరికినా మన పెన్షన్‌కు అందదు. తేలిక చెక్క కావాలి, నేరుగా నారున్న చెక్క కావాలి. మన రైతులు హెబ్బేవు అని పొలం గట్ల మీద వేస్తున్నారే, తెలుగులో మలబారు వేప, మా అరవంలో మలైవేంబు, అదే తీసుకున్నాను. ప్లైవుడ్ ఫ్యాక్టరీలకు పోయే చెట్టు. బద్దలు 20 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం. ప్లైవుడ్ అచ్చుల మీద ఒక్కొక్క బద్ద వంచి, పక్కదానికి జిగురు పెట్టి, 14 అడుగుల పడవ ఆకారం తేవడం. ఆ పనంతా ఆచారన్న చేతి పనే. నేను అందించేవాణ్ణి, పట్టుకునేవాణ్ణి, లెక్క రాసేవాణ్ణి. మధ్యలో అందం కోసం ఇటొకటి అటొకటి టేకు బద్ద పెట్టాడు. మూడు నెలల్లో చెక్క పని అయిపోయింది. చిత్రిక పట్టి నున్న చేశాక తిరగేసిన పడవ పెద్ద చేప వీపు మాదిరిగా ఉండింది. ఊళ్లో వాళ్లు వచ్చి చేత్తో నిమిరి పోయేవాళ్లు.

పడవ అయిపోయిందనే అందరూ అనుకున్నారు. అయింది సగమే. తరువాత ఐదు నెలలు పట్టిన పని గురించే ఈ రాత.

గాజుగుడ్డ సంగతి ఎత్తగానే ఆచారన్నకు కోపం వచ్చింది. ఆయనకు డెబ్బై దాటాయి. నాకంటే పెద్ద. యాభై ఏళ్లుగా తలుపులు, బండి చక్రాలు, రథం గుర్రాలు చేసిన చేయి. "చెక్కకు ఊపిరాడాల సార్. మీరు దానికి ప్లాస్టిక్ సంచి తొడుగుతా ఉండారు. లోపలే కుళ్లిపోతాది. ఇంతోటి దానికి నన్నెందుకు పిలిస్తిరి? ఆ ఫైబర్ డోర్లు చేసేవాణ్ణి పిలవాల్సింది" అన్నాడు. పనిముట్లు సంచిలో వేసుకుని పోయాడు. రెండు వారాలు రాలేదు.

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. పాత చెక్క పడవలు నీళ్లలో పడితే పలకలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. అవి తడిస్తేనే ఆరోగ్యం. ఈ పడవ దానికి తలకిందులు. ఇందులో చెక్కకు జన్మలో నీటి చుక్క తగలకూడదు. బయటా లోపలా రెండు వైపులా పూర్తిగా మూసేస్తేనే లోపల చెక్క పొడిగా ఉండి బతుకుతుంది. ఒకవైపే వేసి ఇంకోవైపు వదిలేస్తే మాత్రం ఆచారన్న చెప్పినట్టే అవుతుంది.

ఆయన ఇంటికి పోయి నాకు తెలిసిన భాషలో చెప్పాను. రైలు పట్టాను అడ్డంగా కోసిన ముక్క చూశావా అన్నా అని అడిగాను. పైన లావు తల, కింద వెడల్పు పాదం, మధ్యలో సన్నటి నడుము. బరువు మోసేటప్పుడు ఒత్తిడీ సాగుడూ ఎక్కువగా తగిలేది పైనా కిందా. నడుము పని ఆ రెంటినీ దూరంగా పట్టి ఉంచడం. అందుకే ఇనుము అక్కడ తక్కువ పోస్తారు. మన పడవలో బయటి గాజు తల, లోపలి గాజు పాదం, నీ చెక్క నడుము. 6 మిల్లీమీటర్ల చెక్క ఒంటిగా ఉంటే మోకాలు పెడితే విరుగుతుంది. రెండు పక్కలా గాజు పడితే మనిషి నిలబడొచ్చు.

విన్నాడు. ఒప్పుకోలేదు. పుట్టి మాట ఎత్తాను. హంపి దగ్గర తుంగభద్రలో గుండ్రటి పుట్టి ఎక్కాడు ఆయన, పెళ్లైన కొత్తలో. కన్నడంలో హరిగోలు, మా అరవంలో పరిసల్. నేను చిన్నప్పుడు హొగేనకల్‌లో ఎక్కాను. వెదురు బుట్టకు నీళ్లు ఆపే శక్తి ఉందా? లేదు. బుట్ట ఆకారం ఇస్తుంది, నీళ్లు ఆపేది పైన తొడిగిన తోలు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ పుట్టి గురించే రాశాడు, లోపల పేము అల్లిక, బయట తోలు అని. తోలు పోయి తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి. ఇప్పుడు ఫైబర్‌వి కూడా వచ్చాయి. సముద్రం పక్క కాకినాడ, విశాఖ వైపు దుంగలు కట్టిన తెప్పలు పోయి ఫైబర్ తెప్పలు వచ్చినట్టే. ఇంగ్లీషువాళ్లు కటమరాన్ అనేది మా అరవం కట్టుమరమే, కట్టిన చెక్క అని అర్థం. తొడుగు మారుతూ వచ్చింది గానీ, ఎముక ఒకటి తొడుగు ఒకటి అన్న లెక్క మారలేదు అన్నా అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్న మాట వేరే. "అది యాభై సార్లు నీళ్లలోకి పోయొచ్చినా నీళ్లు రావని మీరు చెప్పగలరా సార్?"

ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో నాకు తెలుసు. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. ఆయన్నే అడిగితే రాయమన్నాడు. కొన్నేళ్ల కింద ఆయన చెల్లెలి మనవడు, పన్నెండేళ్ల పిల్లోడు, పొలంలో కృషి హొండలో బిందె ముంచబోయి జారాడు. నీళ్లు ఇంకకుండా ఆ గుంతలకు మందంగా ప్లాస్టిక్ పరుస్తారు, మీ అందరికీ తెలుసు. అది తడిస్తే సబ్బు మీద కాలు పెట్టినట్టే. ఈత వచ్చినవాడికి కూడా పట్టు దొరకదు. గట్టు మీద ఇరవై మంది పోగయ్యారు. ఒక్కరికీ ఈత రాదు. ఎట్లా వస్తుంది, ఏ నీళ్లలో నేర్చుకున్నారని? నేను పోయేసరికి ఆలస్యమైంది. జోలార్‌పేట బావుల్లో ఈదినవాణ్ణి, తాడు కట్టుకుని దిగాను. దిగి ప్రయోజనం లేకపోయింది. ఆ రోజు ఆ ఊళ్లో నీటి మీద తేలే వస్తువు ఒక్కటి లేదు. ట్రాక్టరు ట్యూబు పక్క ఊరి నుంచి వచ్చింది.

మన సీమలో నీళ్లు లేకపోవడం ఒక కష్టం. పదేళ్లకొకసారి నీళ్లు రావడం ఇంకొక రకం కష్టం. నాగలమడిక దగ్గర ఉత్తర పినాకిని నిండి పొర్లిన ఏడు గుర్తుంది కదా, ఊరూరూ జాతరగా పోయి చూశాం. పిల్లలు ఒడ్డు మీద ఎట్లా గంతులేస్తున్నారో చూసి నాకు కాళ్లు వణికాయి. ఈ పడవ ప్రాణాలు కాపాడే పడవ అని నేను చెప్పను. ఇది సన్నది, పక్కకు ఒరిగే గుణం ఉంది, తెలియనివాడు నిలబడితే బోర్లా పడుతుంది. కానీ నీటి మీద తేలేది ఒకటి చేయడం ఈ ఊళ్లో నలుగురికి తెలియాలి, పిల్లలు జాకెట్ వేసుకుని నీళ్ల దగ్గరికి పద్ధతిగా పోవడం తెలియాలి అనుకున్నాను. అందుకే నీళ్లు రావని చెప్పగలరా అన్న ప్రశ్నకు నేను చెప్పిన జవాబు, "పైపని నీ చెక్క పనంత నిదానంగా చేస్తే చెప్పగలను" అని. మరుసటి వారం పనిముట్లతో వచ్చాడు.

ఇక పని. గాజుగుడ్డ అంటే నిజంగా గాజే, దారం తీసి నేసినది. చదరపు మీటరు 200 గ్రాములు తూగేది తెప్పించాను. మీటరు వెడల్పు. పడవకు నిలువునా రెండు పట్టలు పరిస్తే అడుగున ఒకదాని మీద ఒకటి వస్తాయి. రాళ్లకు రాసుకునేది అడుగే కాబట్టి అక్కడ రెండు పొరలు మంచిదే.

రెజిన్ దగ్గర బేరం చెడేట్టు ఉండింది. ఫైబర్ పని చేసే ఒకాయన పాలిస్టర్ రెజిన్ చాలు, సగం ఖర్చులో అవుతుంది అన్నాడు. వాటర్ ట్యాంకులకు, బాత్రూం తలుపులకు వాడేది అదే, ఘాటు వాసన వస్తుంది చూడండి, అది. తలుపుకు సరిపోతుంది. చెక్కను పట్టుకోవడంలో మాత్రం అది ఎపాక్సీ ముందు తేలిపోతుంది. కొన్నేళ్లకు తొడుగు చెక్క నుంచి పొరగా లేచిందంటే ఆ సందులోకి నీళ్లు పోయి, బయట కనపడకుండా లోపల కుళ్లుతుంది. ఎపాక్సీ అంటే మనింట్లో చెప్పులు, చెంబులు అతికించే అరాల్డైట్ కుటుంబమే. కిలో ఏడెనిమిది వందలు. మొత్తం 9 కిలోలు పట్టింది. అదే తెచ్చాను.

ఎపాక్సీకి ఒక గుణం ఉంది, అది గుమాస్తాలకు నచ్చుతుంది. పాలిస్టర్‌లో గట్టిపడే మందు కొంచెం ఎక్కువ తక్కువ వేసి వేగం మార్చుకోవచ్చు. ఎపాక్సీలో కుదరదు. డబ్బా మీద 100కు 30 అని ఉంటే 100కు 30 తూచాలి. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుంది అనుకోవడం భ్రమ. మిగిలిన మందు అట్లాగే మెత్తగా ఉండిపోతుంది, ఎన్నటికీ గట్టిపడదు. బంగారం కొట్టులో వాడే చిన్న కాటా ఒకటి కొన్నాను. ముప్పై ఐదేళ్లు వ్యాగన్లు టన్నుల్లో రాసిన చేయి ఇప్పుడు గ్రాములు రాసింది.

ఇంకొకటి వేడి. రెజిన్, హార్డెనర్ కలిస్తే వేడి పుడుతుంది. గిన్నెలో కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక ఇంకా వేగంగా ఉడుకుతుంది. ఆచారన్నకు చూపించడానికని ఒక పాత డబ్బాలో వంద గ్రాములు కలిపి ఎండలో పెట్టాను. కాసేపటికి పొగ వచ్చి, పసుపు రాయి అయి, డబ్బా చేత్తో పట్టుకోలేనంత కాలింది. "అబ్బో, ఇది నిప్పు" అని రెండడుగులు వెనక్కి వేశాడు. అందుకే ఒక్కోసారి 250 గ్రాములకు మించి కలపకూడదు, కలిపిన వెంటనే వెడల్పు పళ్లెంలో పోసి పలచగా పరచాలి.

మన ఊరి వాతావరణం ఈ పనికి సగం మిత్రుడు, సగం శత్రువు. గాలిలో తేమ తక్కువ, అది మంచిది. ఎండ మాత్రం కాదు. డిసెంబరు దాకా ఆగాను. పగలు కాకుండా రాత్రి చేయాలని తేల్చాను. కారణం చెబుతాను. చెక్క నిండా సన్నటి గొట్టాలు, వాటి నిండా గాలి. పొద్దున పూస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్క వేడెక్కి లోపలి గాలి పెరిగి బయటికి తోసుకొస్తుంది. తడి గాజు కింద వందల బుడగలు లేస్తాయి. పొద్దుగూకాక చెక్క చల్లబడుతూ ఉంటే గాలి ముడుచుకుని రెజిన్‌ను లోపలికి పీలుస్తుంది. పట్టాల అతుకుల దగ్గర సందు ఎందుకు వదిలేవాళ్లో తెలిసిన మనకు ఇదేమీ కొత్త సంగతి కాదు.

ఆ రాత్రి షెడ్డులో నలుగురం. నేను కాటా దగ్గర. ఆచారన్న గుడ్డ దగ్గర. మా బావమరిది కొడుకు లప్పం రేకు పట్టుకుని. మా ఇంటామె గడియారం, రిజిస్టరు. ముందు రోజే దుమ్మంతా ఊడ్చి కల్లాపి చల్లి ఆరబెట్టాం. టేకు బద్దల్లో నూనె ఉంటుందని వాటిని అసిటోన్ గుడ్డతో తుడిచాం. బయట దూరంగా ఒక పెద్ద బల్బు వెలిగించాం, పురుగులు అటు పోతాయని. చేతులకు గ్లవ్స్ అందరికీ. ఇది ఊరికే చెప్పడం లేదు. ఎపాక్సీ ఒంటికి తగులుతూ ఉంటే మొదట ఏమీ కాదు, ఒకరోజు ఒళ్లు దురదతో ఎర్రగా పొంగుతుంది. ఆ తరువాత వాసన తగిలినా అదే గతి. అంటితే వెంటనే సబ్బుతో కడగాలి. థిన్నర్ పోసి తుడిస్తే చర్మంలోకి ఇంకా లోతుగా పోతుంది.

గంట 7.10కి మొదటి పళ్లెం. షెడ్డులో 27 డిగ్రీలు. పొడి గుడ్డ అప్పటికే పడవ మీద పరిచి, అరచేత్తో మడతలు తీసి ఉంచాం. తెల్లగా, కొత్త పంచె కప్పినట్టు ఉంది. పడవ మధ్యలో, అడుగు గీత మీద పోసి, రేకుతో కిందికి అంచుల వైపు నిదానంగా లాగాలి. రెజిన్ తగిలిన చోట తెలుపు కరిగిపోయింది. అంటే గుడ్డ మాయమై, కింద చెక్క బయటికి వచ్చింది, అదీ తడి రంగుతో. ఇన్నాళ్లూ పాలిపోయి ఉన్న మలబారు వేప తేనె రంగుకు తిరిగింది. టేకు గీతలు నల్లగా లేచి నిలబడ్డాయి. ఆచారన్న గుడ్డ పట్టుకున్నవాడు అట్లాగే నిలబడిపోయాడు. "నేను చిత్రిక పట్టినప్పుడు కూడా ఈ నారు నాకు కనపడలేదు సార్" అన్నాడు.

నిలబడడానికి తీరిక లేదు. ఆపకూడని పని అది. తడి అంచు ఆరకముందే పక్క పళ్లెం రావాలి. తెల్లగా మిగిలితే రెజిన్ చాలలేదని, వెండిలా మెరిస్తే కింద గాలి ఉందని, చెరువులా నిగనిగలాడితే ఎక్కువై గుడ్డ తేలుతోందని గుర్తు. ఎక్కువైనదాన్ని లాగి పారేయాలి, డబ్బు పోతోందని చూడకూడదు. మా కుర్రాడు సోలార్ పార్కులో పలకలు కడిగే పని చేస్తాడు. రేకు లాగడంలో ఆ చేయి నాకంటే, ఆచారన్నకంటే తేలిక. నేను కొలత చెబుతూ ఉన్నాను, మా ఇంటామె "ఎనిమిదో పళ్లెం, 8.50, ఇరవై నాలుగున్నర" అని రాస్తూ ఉంది. ఆమె రాసిన ఆ రిజిస్టరు నా సర్వీసులో చూసిన ఏ రిజిస్టరు కంటే శుభ్రంగా ఉంది. పదకొండు పళ్లేలు. 9.40కి రెండు మొనలూ అయ్యాయి.

ఒక చిన్న పురుగు మాత్రం బయటి బల్బును కాదని లోపలికి వచ్చి ముందు మొన దగ్గర గాజులో కూర్చుంది. ఇప్పటికీ అక్కడే ఉంది. తీయవద్దని మనవరాలి ఆర్డరు.

అర్ధరాత్రి ఒంటిగంటకు లేచి చూశాను. గట్టి జున్ను మాదిరిగా ఉంది. అంచుల కింద వేలాడే గుడ్డను బ్లేడుతో కోయడానికి అదే అదను. ముందైతే దారాలు లాగుతాయి, పొద్దునకైతే రాయి అయిపోయి రంపం కావాలి. తెల్లవారి, పూర్తిగా గట్టిపడకముందే, ఇంకో పూత. ఆ సాయంత్రం మూడోది. గుడ్డ నేత సందులు నిండడానికి ఈ పూతలు. వెంట వెంట వేస్తే పొరకు పొర కలిసిపోతుంది. రోజులు గడిచాక వేస్తే రుద్ది వేయాలి.

గట్టిపడ్డాక ఎపాక్సీ మీద చేతికి జిడ్డుగా, మైనం లాంటి పొర తేలుతుంది. అది కడగకుండా రుద్దితే ఉప్పుకాగితం నిండిపోతుంది, పైన వార్నిష్ పట్టదు. దానికి మందేమీ అక్కర్లేదు, ఉత్త నీళ్లు, గిన్నెలు తోమే పీచు చాలు. కానీ మన బోరు నీళ్లు ఆరితే తెల్లటి మచ్చ మిగులుతుంది, అందుకని శుద్ధ నీటి ఘటకంలో కాయిన్ వేసి నాలుగు క్యాన్లు తెచ్చాను. పడవకు ఫిల్టర్ నీళ్ల స్నానమా అని వీధిలో నవ్వారు. నవ్వనీ.

రుద్దుడు గురించి రాస్తే మీరు చదవరు. 80 నంబరు, 120, 220. మూడు వారాలు. గాజు నేత కనపడిందంటే అక్కడ ఆగాలి, గుడ్డను కోయకూడదు. మాస్కు లేకుండా ఆ దుమ్ము పీల్చకూడదు. ఇంతకంటే చెప్పేది లేదు.

లోపలి వైపు కష్టం ఎక్కువ. బయట గుడ్డ తన బరువుకు తానే అతుక్కుంటుంది. లోపల గుంతలో గుడ్డ చెక్కను వదిలి పైకి లేస్తుంది, రెజిన్ అడుగుకు జారి చెరువు కడుతుంది. ఇద్దరు చేసే పనికి నలుగురు కావాలి. లోపల నేత సందులు పూర్తిగా నింపలేదు. ఆ గరుకు ఉంటేనే తడి కాలు జారదు. ఆ మాట చెప్పినప్పుడు ఆచారన్న తల ఊపాడు, ఏమీ అనలేదు. రెండు మొనల్లో థర్మాకోల్ నింపి పలక వేసి మూసేశాం. బోర్లా పడి నీళ్లు నిండినా పడవ మునగకుండా, మనిషి పట్టుకుని వేలాడేంత తేలుతుంది.

ఇంతా చేశాక కూడా ఎండలో పెట్టకూడదు. ఎపాక్సీకి సూర్యుడంటే పడదు. ఎండ తగులుతూ ఉంటే పసుపు తిరిగి, సున్నంలా పొడి రాలుతుంది. మన తిరుమణి చుట్టూ ఐదు ఊళ్లలో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు పెట్టారంటే, ఇక్కడి ఎండ ఎంత గట్టిదో చూసే పెట్టారు. ఆ ఎండే ఇక్కడ పడవకు పగ. దానికి అడ్డం వార్నిష్, అతినీలలోహిత కిరణాలను ఆపే బయటి రకం. ఎపాక్సీ వేసి రెండు వారాలైనా ఆగాక వేయాలి, లేకపోతే వార్నిష్ ఆరదు. పలచగా నాలుగు పూతలు, ఒక్కో పూత మధ్య ఒక రోజు, సన్న కాగితంతో ఒక రుద్దుడు. ఏడాదికొకసారి ఇంకొక పూత వేస్తూ ఉండాలి. అంచు కట్టెలు, అడ్డకట్టె టేకువి, ఆచారన్న తన ఇష్టప్రకారం చెక్కాడు. అక్కడ గాజు వద్దన్నాడు, నూనే వేశాం. ఒకచోట అయినా చెక్కకు ఊపిరాడాలి కదా.

వేరుశనగ మూటలు తూచే కాటా మీద పెడితే 30 కిలోల 600 గ్రాములు. ఇద్దరు ఎత్తి భుజాన పెట్టుకుని నడవొచ్చు. రెజిన్, గుడ్డ, వార్నిష్, కాగితాలు, గ్లవ్స్ కలిపి 17,000 చిల్లర అయింది. చెక్క, ఆచారన్న కూలి వేరే. ఆయన గాజు వేసిన రాత్రుల కూలి తీసుకోలేదు.

నీళ్లలో దింపింది మా బావమరిది కృషి హొండలోనే. ముందు చుట్టూ కంచె వేయించాం. నాలుగు మూలలా గుంజలు పాతి, ముళ్లు వేసిన తాళ్లు నీళ్లలోకి వదిలాం, జారినవాడికి పట్టు దొరికేట్టు. మీలో హొండ ఉన్నవాళ్లు పడవ సంగతి వదిలేయండి, ఈ తాళ్ల పని మాత్రం ఈ వారమే చేయండి. పెద్ద ఖర్చేమీ కాదు. పడవలో ఒక రాత్రి, ఒక పగలు మూడు ఇసుక మూటలు వేసి వదిలేశాం. మరుసటి సాయంత్రం ఆచారన్న తనే వంగి, పొడి గుడ్డతో లోపల అడుగంతా తుడిచి, ఆ గుడ్డను చెంపకు ఆనించి చూసుకున్నాడు. పొడిగానే ఉంది. జాకెట్ వేసుకుని, చెప్పులు విడిచి, ఎక్కి కూర్చున్నాడు. నేను వెనక తెడ్డు పట్టాను. మూడు చుట్లు తిరిగాం. మాట్లాడలేదు. దిగేటప్పుడు "ఎడమ పక్క అంచు కట్టె రవ్వంత పైకి ఉంది, రేపు చూస్తాను" అన్నాడు.

పడవ ఇప్పుడు మా షెడ్డు పైకప్పుకు తాళ్లతో వేలాడుతోంది. పక్కన రెండు జాకెట్లు, ఇరవై మీటర్ల తాడు, గాలి నింపిన ట్యూబు ఒకటి ఉంచాం. తాళం ఒకటి మా ఇంట్లో, ఒకటి ఆచారన్న ఇంట్లో. ఎప్పుడైనా, ఏ వేళైనా వచ్చి తీసుకోవచ్చు. గాజుగుడ్డ మూడు మీటర్లు, రెజిన్ అరకిలో మిగిలాయి. నీళ్ల డ్రమ్మో, స్ప్రేయర్ ట్యాంకో కారుతున్నవాళ్లు ఉంటే చెప్పండి. సాయంత్రం ఆరు దాటాక రండి, పగలు పని జరగదు.